కొటేషన్‌లో కనిపించని ధర

ముప్పై ఒక్క సంవత్సరాలు ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల ప్రభుత్వ కార్యాలయాల్లో స్టోర్సు సీటులో పనిచేశాను. కాగితం రీములు, ఫినాయిలు డబ్బాలు, బల్లలు, కుర్చీలు, మోటార్లు, వీధి దీపాలు... ఏది రావాలన్నా ఇండెంటు, అంటే కావలసిన సరుకు వివరాలు రాసి పంపే కాగితం, నా బల్ల మీది నుంచే వెళ్లేది. ప్రభుత్వం కొనే ప్రతి వస్తువూ మన నేలకూ, నీటికీ, గాలికీ ఏం చేస్తుందో చూసి కొనాలని కిందటి సంచికలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. రాసినవారిలో ఉద్యోగులే ఎక్కువ కాబట్టి పేర్లు వేయడం లేదు.

*మా పంచాయతీకి వీధి దీపాలు, కార్యాలయానికి ఫ్యాన్లు కొనాలి. కరెంటు ఆదా చేసేవి కొనాలని ఉంది. కానీ మూడు కొటేషన్లలో తక్కువ ధర ఉన్నదే తీసుకోవాలి కదా. ఎక్కువ పెట్టి కొంటే రేపు ఆడిట్‌లో నన్నే అడుగుతారు. ఏం చేయాలి?*
— పంచాయతీ కార్యదర్శి, దేవరకొండ ప్రాంతం

మీ భయం నాకు తెలుసు. ఆడిట్ వస్తోందంటే నాకూ చాలా ఏళ్లు నిద్ర పట్టేది కాదు. కానీ ఎల్-1, అంటే అందరికంటే తక్కువ ధరకు తీసుకోవాలనే నిబంధన, నాసిరకం కొనమని ఎక్కడా చెప్పదు. మనం అడిగిన సరుకు ఇవ్వగలిగినవారిలో తక్కువ ధర చెప్పినవారికి ఇవ్వమంటుంది. అడిగే సరుకు ఏమిటో రాసేది మీరే. ‘ఎల్‌ఈడీ వీధి దీపాలు 60’ అని ఒక్క ముక్క రాసి పంపితే మూడు దుకాణాలూ తమ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటే చౌకదానికి ధర వేసి పంపుతాయి. ఆ తర్వాత మీరు చేయగలిగింది ఏమీ ఉండదు.

అలా కొన్న ఒక పంచాయతీ సంగతి చెబుతాను. దసరా ముందు అరవై దీపాలు బిగించారు. ఊరంతా మెచ్చుకుంది. మరుసటి ఏడాది ఎండాకాలం చివర ఉరుములతో పడిన మొదటి వానకు ఒక్క రాత్రిలో ఇరవై రెండు ఆరిపోయాయి. ఒకదాన్ని స్తంభం మీది నుంచి దింపించి నా ఎదుటే విప్పించాను. మూత అంచున ఉండవలసిన రబ్బరు పట్టీ లేదు. లోపల అర గ్లాసు నీళ్లు, వాటిలో తేలుతున్న ఉసుళ్లు. కరెంటును సర్దే డ్రైవరు పలక మీద వేలిగోరంత నల్లమచ్చ. ఇంత చూశాక కూడా ఆ ఇరవై రెండింటి స్థానంలో మళ్లీ అవే కొన్నారు, ఎందుకంటే పాత ఇండెంటునే తేదీ మార్చి పంపారు. పాడైన దీపాలు పంచాయతీ కార్యాలయం వెనుక గుంతలో పడ్డాయి.

కాబట్టి మీ ఇండెంటులో ఇవి రాయండి. దీపం భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10322కు లోబడాలి. వానకూ దుమ్ముకూ ఐపీ 65 లేదా ఐపీ 66 రక్షణ ఉండాలి. పిడుగులప్పుడు వచ్చే వోల్టేజి పోటును తట్టుకోవాలి. పూచీ ఎన్నేళ్లు, పాడైనదాన్ని ఎన్ని రోజుల్లో మార్చాలి, తీసేసిన పాత దీపాలను ఎవరు పట్టుకుపోవాలి అన్నవి కూడా అక్కడే తేలిపోవాలి. కంపెనీ పేరు మాత్రం రాయకండి. గుణం రాయండి. ఇప్పుడు వచ్చే మూడు కొటేషన్లలో తక్కువదాన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు.

ఇంత వివరం రాస్తే తప్పు పడతారేమో అని మీకు అనిపిస్తే, కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నిబంధనలు–2017లో 144వ నిబంధన చదవండి. కావలసిన సరుకు నాణ్యత, రకం, పరిమాణం స్పష్టంగా రాయాలనీ, అవసరం లేని హంగులు చేర్చకూడదనీ, ఎంచుకున్న ధర ఆ నాణ్యతకు తగినదై ఉండాలనీ అందులో ఉంది. నోటిఫై చేసిన విద్యుత్ ఉపకరణాలు కొనేటప్పుడు కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) ఇచ్చే స్టార్ రేటింగు చూసి కొనాలని 173వ నిబంధన చెబుతుంది. ఇవి కేంద్ర కార్యాలయాలకు రాసినవి, మన రాష్ట్ర ఆర్థిక నియమావళి వేరు. అయినా నోట్ ఫైలులో కారణం చూపించేటప్పుడు ఈ రెండింటినీ ఉదహరించడానికి అడ్డేమీ లేదు. నేను ఉదహరించాను. ఒక్కసారి కూడా ఆక్షేపణ రాలేదు.

ఫ్యాన్లకు ఒక లెక్క వేసి ఫైలుకు జతచేయండి. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. బ్రష్‌లు లేని బీఎల్‌డీసీ రకం మోటారు ఉన్నది 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. రోజుకు 10 గంటలు, ఏడాదికి 250 రోజులు అనుకుంటే ఒక్కో ఫ్యానుకు 112 యూనిట్ల పైచిలుకు మిగులుతుంది. యూనిట్‌కు 8 రూపాయలు అనుకుంటే ఏడాదికి 900 రూపాయలు. మీ బిల్లు మీద ఉన్న రేటు పెట్టి మళ్లీ గుణించుకోండి. రెండు ఫ్యాన్ల ధరలో తేడా 1,300 రూపాయలైతే ఏడాదిన్నర తిరగకముందే చేతికొస్తుంది. మనం కొటేషన్ కాగితం మీది ధరే చూస్తాం. అసలు ధరలో పెద్ద భాగం ఆ తర్వాత నెలనెలా కరెంటు బిల్లు రూపంలో వస్తుంది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది కాబట్టి లేబుల్ లేనిది దుకాణదారు తెస్తే అక్కడికక్కడే వెనక్కి పంపండి.

ఇంకొక్కటి. మీ ఊళ్లో వీధి దీపాలకు మూడో తీగ, అంటే వాటిని విడిగా వేసి ఆర్పడానికి లాగిన వేరే తీగ, ఉందా? లేకపోతే ముందు దానికి డబ్బు కేటాయించండి. 20 వాట్ల ఎల్‌ఈడీ రాత్రీపగలూ వెలిగితే రోజుకు 480 వాట్ అవర్లు ఖర్చవుతుంది. పాత 40 వాట్ల ట్యూబులైటు రాత్రి 12 గంటలు వెలిగినా అదే 480. పగలు ఆర్పే ఏర్పాటు లేని ఊళ్లో ఎల్‌ఈడీ కొన్న లాభమంతా మిట్టమధ్యాహ్నపు ఎండలో కలిసిపోతుంది. మూడో తీగ, ఆన్ ఆఫ్ స్విచ్, ఆ స్విచ్ వేసి ఆర్పే మనిషి పేరు, మూడూ తీర్మానంలో రాయించండి.

*బడి వార్షికోత్సవానికి ప్లాస్టిక్ ప్లేట్లు మానేసి కాగితం ప్లేట్లు, కాగితం కప్పులు కొంటున్నాం. సరైన పనేనా? సమావేశాలకు నీళ్ల సీసాల బదులు ఏం పెట్టాలి?*
— ప్రధానోపాధ్యాయురాలు, నారాయణపేట జిల్లా

ప్లాస్టిక్ ప్లేట్లు, కప్పులు, చెంచాలు, స్ట్రాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధం. మీరు మానేయడం మంచి పని. కాగితం కప్పు సంగతికి వస్తే, ఒక పని చేసి చూడండి టీచరు గారూ. ఒక కప్పును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, ఉదయం వేళ్లతో కాగితపు గుజ్జును మెల్లగా తీసేయండి. కప్పు ఆకారంలోనే పల్చటి తెల్లని పొర ఒకటి చేతిలో మిగులుతుంది. వేడి టీ కారిపోకుండా ఆపేది ఆ ప్లాస్టిక్ పొరే. ఎనిమిదో తరగతి పిల్లలతో చేయించండి, ఆ తర్వాత మీరు చెప్పవలసిన పని ఉండదు.

మీ బడిలో మధ్యాహ్న భోజనానికి పిల్లలు రోజూ పళ్లెం తెచ్చుకుంటున్నారు, కడుక్కుని తీసుకెళ్తున్నారు. వార్షికోత్సవం నాడు మాత్రం కాగితం ప్లేటు ఎందుకు? అతిథులకు కావలసిన వంద పళ్లేలు, గ్లాసులు టెంట్ హౌస్‌లో అద్దెకు దొరుకుతాయి. సిద్దిపేట వైపు ఊళ్లలో మహిళా సంఘాలు స్టీలు బ్యాంకులు పెట్టి పెళ్లిళ్లకూ సభలకూ గిన్నెలు, పళ్లేలు అద్దెకిస్తున్నాయి. మీ గ్రామ సమాఖ్యతో మాట్లాడి చూడండి.

నీళ్ల సీసాల గురించి నాకు చాలా బాధ ఉంది. మండల సమావేశం ముగిశాక హాలు సర్దడానికి నిలబడిన రోజుల్లో చూసేదాన్ని. నలభై మంది కూర్చున్న చోట ఎనభై సీసాలు, సగానికి పైగా రెండు గుక్కలు తాగి మూత పెట్టినవే. నీటి ఎద్దడి చూసిన జిల్లా మన ఉమ్మడి మహబూబ్‌నగర్. ఫ్లోరైడు చూసిన జిల్లా పక్కనే ఉంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడు తీసే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసినప్పుడు దానికి నల్లగొండ పేరే పెట్టారు. అందుకే ఇక్కడివారికి కుళాయి నీళ్లంటే భయం ఉండడం సహజం. ఆ భయానికి మందు పరీక్ష. మిషన్ భగీరథ నీటిని పరీక్షకు పంపి, వచ్చిన ఫలితం కాగితాన్ని నీళ్ల బిందె పక్కనే గోడకు అంటించండి. మట్టి కూజాలు, స్టీలు గ్లాసులు పెట్టండి.

బ్యానరు కూడా. 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు ఆ నిషేధపు జాబితాలోనే ఉన్నాయి. మీది చేనేత ఊరు. నాలుగు గజాల నూలు గుడ్డ మీద పెయింటరుతో రాయించండి. సంవత్సరం అంకె ఒక్కటి వేరే గుడ్డ ముక్క మీద రాయించి కుట్టిస్తే అదే బ్యానరు పదేళ్లు కట్టుకోవచ్చు.

*పాఠశాల అదనపు గదులకు ఫ్లైయాష్ ఇటుకలు వాడమంటే గుత్తేదారు వంకలు చెబుతున్నాడు. ఊరివాళ్లు ‘బూడిదతో గోడలేమిటి’ అంటున్నారు. ఎలా ఒప్పించాలి?*
— అసిస్టెంట్ ఇంజనీరు, మిర్యాలగూడ డివిజన్

ఒప్పించడం కంటే ముందు మీకు చట్టం అండ ఉంది. 2021 డిసెంబరు 31న కేంద్ర పర్యావరణ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రానికి 300 కిలోమీటర్ల లోపు జరిగే నిర్మాణాల్లో బూడిద ఇటుకలే వాడాలి. వాటి ధర మామూలు ఇటుకల ధరను మించకూడదన్నది షరతు. మీకు దామరచర్ల మండలం వీర్లపాలెంలో 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రం ఇంటి పక్కనే ఉంది. అక్కడి బూడిద ఎక్కడికో ఒకచోటికి చేరాలి కదా. గోడలోకి చేరితే మంచిది. చెరువులోకి, చేలలోకి ఎగిరితే ఎవరికీ మంచిది కాదు.

ఊరివాళ్లకు మట్టి ఇటుక గురించి చెప్పండి. బట్టీ కోసం అడుగు లోతు పైమట్టి అమ్ముకున్న పొలం నేను చూశాను. మూడేళ్లు ఎంత ఎరువు వేసినా జొన్న మోకాలి ఎత్తు దాటలేదు. ఆ రైతు మట్టి అమ్మిన డబ్బు ఆడపిల్ల పెళ్లికి సరిపోయింది, పొలం మాత్రం ఇప్పటికీ కోలుకోలేదు.

గుత్తేదారు చెప్పే వంకల్లో ఒకటి నిజం. ఆరకముందే తెచ్చి కట్టిన బూడిద ఇటుకల గోడకు ప్లాస్టరు చీలికలు వస్తాయి. అది ఇటుక జాతి దోషం కాదు, తొందరపాటు దోషం. సరుకు దింపేటప్పుడు ఐదు ఇటుకలు తీసి ఎండబెట్టి తూచండి, 24 గంటలు నీళ్లలో ముంచి మళ్లీ తూచండి. బరువు 20 శాతం కంటే ఎక్కువ పెరిగితే ఆ లారీని తిప్పి పంపండి. ఈ పరీక్షను ఒప్పందంలోనే రాసి పెట్టుకుంటే వాదన ఉండదు.

*మా నర్సరీలో ఏటా వేల మొక్కలు నల్ల ప్లాస్టిక్ సంచుల్లో పెంచుతాం. నాటే రోజు ఆ సంచులు గుంతల పక్కనే పడి ఉంటాయి. మొక్కలు పెంచే పనిలో ఇదేమి అన్యాయం అనిపిస్తుంది.*
— నర్సరీ కార్మికురాలు, నాగర్‌కర్నూల్ జిల్లా

మీరు చూసిన చూపు పై అధికారులు కూడా చూడాలి, తల్లీ. కొత్త పంచాయతీరాజ్ చట్టం కింద పంచాయతీలు తమ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించాలి. ఆ డబ్బుతో కొన్న సంచే చేలో పడి ఉండడం మీరన్నట్టు అన్యాయమే. నాటే రోజున మొక్కల లెక్క ఎలాగూ రాస్తారు. అదే పుస్తకంలో పక్కన ఇంకో గడి గీసి, తిరిగి వచ్చిన సంచుల లెక్క రాయమని కార్యదర్శిని అడగండి. మొక్కలు తీసుకెళ్లిన ట్రాక్టరులోనే సంచులు వెనక్కి రావాలి. అడుగున కోసిన సంచి మళ్లీ పనికిరాదు, కాబట్టి పక్క నుంచి మెల్లగా జార్చి మొక్క తీయడం నాటేవాళ్లకు చూపించండి. అది మీకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

*మా స్టోర్ గదిలో పదిహేను పాత కంప్యూటర్లు, ప్రింటర్లు, యూపీఎస్ బ్యాటరీలు పడి ఉన్నాయి. పాత సామాన్లవాడు మంచి ధర ఇస్తానంటున్నాడు. వేలం వేయవచ్చా?*
— జూనియర్ అసిస్టెంట్, వనపర్తి

బల్లలు, బీరువాలు అయితే వేలం వేయండి. కంప్యూటర్లు వద్దు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనల కింద ఇవి నమోదైన తయారీదారుకో, బాగుచేసేవారికో, రీసైక్లర్‌కో మాత్రమే చేరాలి. రీసైక్లర్ల నమోదు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర జరుగుతుంది. మీ జిల్లాకు దగ్గరివారి వివరాలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని అడిగి తీసుకోండి. బ్యాటరీలకు నిబంధనలు వేరు, అవి కొత్త బ్యాటరీలు కొనే దుకాణానికే తిరిగి ఇచ్చేలా చూడండి.

పాత సామాన్లవాడు మంచి ధర ఎలా ఇవ్వగలుగుతున్నాడో తెలుసా? తీగలను ఆరుబయట కాల్చి రాగి తీస్తాడు. పాత రకం లావు మానిటర్ల గాజులో సీసం ఉంటుంది, దాన్ని ఎక్కడో పగలగొట్టి పోస్తాడు. ఆ పొగ పీల్చేది అతని దగ్గర కూలికి వచ్చిన పిల్లలే. మన కార్యాలయానికి వచ్చే నాలుగు వేలు అందులోంచి వస్తున్నాయి.

ముందుగా సర్వే రిపోర్టు రాయించి, పనికిరాని వస్తువులుగా కమిటీతో సంతకాలు తీసుకోండి. హార్డ్‌డిస్కులు ఊడదీసి లోపలి సమాచారం చెరిపేయండి. వాటిలో పింఛన్ల జాబితాలు, బ్యాంకు ఖాతాల నంబర్లు ఉంటాయి, అవి ప్రజలవి. అప్పగించాక రసీదు స్టాక్ రిజిస్టరులో అంటించండి. ఈసారి కొత్తవి కొనే ఇండెంటులో, పాతవి వెనక్కి తీసుకునే బాధ్యత సరఫరాదారుదేనని ఒక్క వాక్యం చేర్చండి.

*మోదుగ విస్తరాకులు, గుడ్డ సంచులు తయారుచేస్తాం. ప్రభుత్వ కార్యాలయాలు మా దగ్గర కొనాలంటే ఏం చేయాలి?*
— మహిళా సంఘం సభ్యురాలు, అచ్చంపేట ప్రాంతం

మీ ఉత్తరం చదివి సంతోషించాను. మొదట చిన్న పరిశ్రమల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ నమోదు చేసుకోండి, దానికి రుసుం లేదు. ప్రభుత్వ కొనుగోళ్లకు 2016లో మొదలైన జెమ్ పోర్టల్‌లో మహిళా సంఘాల వస్తువుల కోసం 2020 నుంచి సరస్ కలెక్షన్ అనే విభాగం ఉంది. కేంద్ర ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలనీ, అందులో 3 శాతం మహిళలు నడిపేవాటి నుంచి ఉండాలనీ నిబంధన ఉంది. పోస్టాఫీసులు, రైల్వే దాని కిందికి వస్తాయి.

కానీ ఆర్డరు తెచ్చేది నమోదు కాగితం కాదు, సరుకు. కొనే సీటులో కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఒక సంఘం పంపిన విస్తరాకుల కట్టలో పైన ఇరవై పెద్దవి, కింద చిన్నవి. మరో కట్టకు వానాకాలం చెమ్మకు బూజు పట్టింది. ఆ తర్వాత రెండేళ్లు ఎవరూ విస్తరాకుల పేరెత్తలేదు. విస్తరి అడ్డం ఎన్ని అంగుళాలో, కట్టకు ఎన్నో కాగితం మీద రాసి ఆ మాట తప్పకండి. ఎండాకాలం కుట్టినవాటిని నేల మీద కాకుండా మంచె మీద పేర్చండి. చిన్న చిరుగు ఉన్నా ఆ విస్తరిని పక్కన పెట్టండి. మొదట ఒక హాస్టలుకో, ఒక మండల సభకో యాభై విస్తరాకులు నమూనాగా ఇవ్వండి. పప్పుచారు పోసి చూపించండి.

*సుస్థిర అభివృద్ధి లక్ష్యాల గురించి కాలేజీలో చెప్పారు. ఐక్యరాజ్య సమితి లక్ష్యాలకూ మా మండల కార్యాలయం కొనే కుర్చీకీ సంబంధం ఉందా? నాలాంటి విద్యార్థిని ఏం చేయగలదు?*
— డిగ్రీ రెండో సంవత్సరం, మహబూబ్‌నగర్

నేరుగా సంబంధం ఉంది. 2015లో పెట్టుకున్న 17 లక్ష్యాల్లో పన్నెండోది బాధ్యతగా ఉత్పత్తి చేయడం, వినియోగించడం. అందులో 12.7 అనే అంశం ప్రత్యేకంగా ప్రభుత్వ కొనుగోళ్ల గురించే. జపాన్ 2000లోనే దీనికి ఒక చట్టం చేసింది. మన దేశం 1991లోనే పర్యావరణానికి తక్కువ హాని చేసే వస్తువుల కోసం మట్టికుండ గుర్తుతో ఎకోమార్క్ మొదలుపెట్టింది. ఆ కుండ గుర్తు ఎన్ని కార్యాలయాల ఇండెంట్లలో కనిపించిందని అడిగితే, నా సర్వీసులో నేను ఒక్కటీ చూడలేదు. 2024లో ఎకోమార్క్ నిబంధనలు కొత్తగా వచ్చాయి. ఈసారైనా కుండ ఇండెంటులోకి రావాలని నా కోరిక.

నువ్వు చేయగలిగింది ఉంది, అమ్మా. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయి. గ్రామ పంచాయతీకైతే దరఖాస్తు రుసుం కూడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. అందరూ బిల్లు నకలు అడుగుతారు. నువ్వు ఇండెంటు నకలు అడుగు. పోయిన ఏడాది కొన్న వీధి దీపాలకో, ఫ్యాన్లకో ఏమని రాసి అడిగారో ఆ ఒక్క పేజీ చాలు. జవాబు వచ్చాక నకలు తీసి పత్రిక చిరునామాకు నా పేరున పంపు. ఇద్దరం కలిసి చదువుదాం.